పేలుతుంటే పేలనివ్వండి

పాత మారుతి 800 సర్వీసింగ్ నుంచి ఇంటికొచ్చిన సాయంత్రమే సైలెన్సర్లో టప్ టప్‌మంటే, వెంటనే షెడ్డుకి తిప్పుకుపోవద్దు. అందరూ ఇచ్చే సలహాకి ఇది పూర్తిగా ఎదురని తెలిసే చెబుతున్నాను. రెండు మూడు రోజులు పేలనివ్వండి. చప్పుడు తొందరగా ఆపించేస్తే జబ్బు లోపలే ఉండిపోతుంది, దాని ఆచూకీ చెప్పే సాక్షి మాత్రం మాయమవుతుంది.

షెడ్డులో మామూలుగా జరిగేది ఇది. కార్బొరేటర్ మీద మిక్చర్ స్క్రూ కాస్త తిప్పుతారు, ఐడిలింగ్ కొంచెం పెంచుతారు. పెట్రోలు ఎక్కువ పడుతుంది, టప్ టప్ ఆగుతుంది, మనం దణ్ణం పెట్టి డబ్బులిచ్చి వస్తాం. నెల తిరక్కుండా మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు మసిబారతాయి. ఎక్కడో గాస్కెట్ దగ్గరున్న లీకు మాత్రం చెక్కుచెదరదు. అందుకే, కారణం దొరికేదాకా ఆ స్క్రూ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకండి. ఎంత నమ్మకమైన మేస్త్రీనైనా సరే.

పేలేది ఇంజను కాదు, గొట్టం. గేరులో ఉండగా యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే కార్బొరేటర్ తలుపు మూసుకుంటుంది. చక్రాలే ఇంజన్ని తిప్పుతుంటాయి. సిలిండర్లోకి వెళ్లిన కాస్త పెట్రోలూ సరిగ్గా మండక, అలాగే వేడి గొట్టంలోకి వస్తుంది. అక్కడ దానికి బయటి గాలి తగిలిందా, టప్‌మని అంటుకుంటుంది. పొగ బయటికి పోయే దారిలోకి గాలి ఎలా వస్తుందని అడుగుతారు. పొగ ఏకధారగా పోదు, విడతలు విడతలుగా పోతుంది. ఒక్కో విడతకీ మధ్య గొట్టంలో ఒత్తిడి బయటికంటే తగ్గుతుంది. బిగుతు లేని జాయింటు ఆ క్షణంలో గాలి లాగుతుంది.

కాబట్టి తప్పించుకోకుండా, కావాలనే పేల్చండి. ఖాళీ రోడ్డు మీద రెండో గేరులో నలభై దాకా లాగి కాలు తీసెయ్యండి. అప్పుడే పేలుతోందంటే గాలి లీకో, పెట్రోలు పలచగా వెళ్లడమో అనుకోవచ్చు. ఎక్కుడులో ఇంజను మీద బరువు పడ్డప్పుడు పేలితే ప్లగ్గు, ప్లగ్గు వైరు, టైమింగ్ చూడాలి. నిలబెట్టినప్పుడు వణుకుతూ పేలితే మిస్సింగ్. ఉన్నవే మూడు సిలిండర్లు, అందులో ఒకటి మానేస్తే స్టీరింగే చెబుతుంది. కార్బొరేటర్ వైపు నుంచి తుమ్మినట్టు వస్తే అది వేరే కథ, దీంతో కలపకండి. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా అన్నది కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఇంకో సలహా వింటే షెడ్డువాళ్లకి కోపం వస్తుంది. కొత్తవి తీసి పాతవి వెయ్యండి. కారు ఇచ్చేటప్పుడే "తీసిన సామానంతా డిక్కీలో పెట్టు తమ్ముడూ, ఏదీ పారెయ్యకు" అని చెప్పాలి. పాత ప్లగ్గులు, పాత వైర్లు, పాత పాయింట్లు అన్నీ కావాలి. సర్వీసింగ్‌కి ముందు లేని చప్పుడు తర్వాత వచ్చిందంటే చివరగా చెయ్యి పడ్డ చోటే మొదటి అనుమానం. ఒక్కొక్కటిగా పాతది పెట్టి, అదే రోడ్డు మీద అదే గేరులో నడిపి చూడండి.

పాయింట్లున్న పాత డిస్ట్రిబ్యూటర్ అయితే ముందు దాన్నే పట్టుకోవాలి. కొత్త పాయింట్లకి క్యామ్ మీద రాసుకునే చిన్న మడమ ఉంటుంది. మొదట్లో అది త్వరగా అరుగుతుంది. అరిగిన కొద్దీ గ్యాప్ తగ్గుతుంది, నిప్పురవ్వ ఆలస్యంగా పడుతుంది, మంట ఇంకా ఆరకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. షెడ్డు నుంచి వచ్చేటప్పుడు నిక్షేపంగా ఉన్న బండి కొన్నాళ్లకి పేలడం మొదలుపెట్టిందంటే, మేస్త్రీని తిట్టే ముందు ఆ గ్యాప్ ఇంకోసారి కొలిపించండి.

బండి అడుగు కడిగించకండి. ఇంజను నుంచి గొట్టం కిందికి దిగే జాయింటు దగ్గర మసి చార కనబడుతుందేమో టార్చి వేసి చూడండి. సన్నగా మొదలై విసనకర్రలా విచ్చుకున్న నల్లటి చార ఉంటే లీకు అక్కడే. కనబడకపోతే, పొద్దున్నే ఇంజను చల్లగా ఉండగా స్టార్ట్ చేసి, ఇంకొకర్ని తడిగుడ్డ మడతపెట్టి సైలెన్సర్ మూతికి రెండు క్షణాలు అడ్డం పెట్టమనండి. లీకున్న చోట చుస్ చుస్‌మంటుంది. పాత గాస్కెట్‌నే మళ్లీ బిగించిన జాయింట్లు ఈ పరీక్షలో ఇట్టే దొరికిపోతాయి.

"టప్పెట్ల చప్పుడు లేకుండా చేశానండీ" అని ఎవరైనా గర్వంగా చెబితే నాకు భయమేస్తుంది. చప్పుడు పోవాలని వాల్వు క్లియరెన్స్ మరీ తగ్గించేస్తే వేడికి సాగిన ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోదు. సందులోంచి మంట దూరి వాల్వు అంచుని కాల్చేస్తుంది. కాస్త టిక్ టిక్‌మనే ఇంజనే నాకిష్టం.

పేలనివ్వమన్నానని ప్రాణం మీదికి తెచ్చుకోకండి. లోపల పొగ వాసన వస్తుంటే, బానెట్ కింద పెట్రోలు వాసన వస్తుంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే ఉండదు కాబట్టి ఈ రెండు మూడు రోజులూ అద్దాలు దించే నడపండి, మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చెయ్యకండి. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బండికి నా సలహా అస్సలు పనికిరాదు. మండని పెట్రోలు దానిలోకి వెళ్లి మండితే లోపలి పింగాణీ గూడు కరిగిపోతుంది. 1995 ఏప్రిల్లో కన్వర్టర్ తప్పనిసరి అయింది ఢిల్లీ, ముంబై, కలకత్తా, మద్రాసుల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకే. అప్పటి హైదరాబాద్, విజయవాడ బళ్లలో చాలావాటికి ఉండకపోవచ్చు, కానీ చేతులు మారిన బండి కదా, కిందికి వంగి చూసుకోండి.

ఇదంతా అయ్యాక షెడ్డుకి వెళ్లండి. "బ్యాక్ ఫైర్ కొడుతోంది, చూడన్నా" అని ఊరుకోవద్దు. "వేడెక్కాక, రెండో గేరులో కాలు తీస్తే పేలుతోంది. ప్లగ్గులు పాతవి వేసినా తగ్గలేదు. గొట్టం జాయింటు దగ్గర మసి ఉంది" అని చెప్పండి. బానెట్ ఎత్తకముందే పక్కసీట్లో కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి వినిపించండి. ముందు గాస్కెట్, తర్వాత టైమింగ్, అన్నిటికంటే ఆఖర్న ఆ స్క్రూ. ఈ వరస మార్చనివ్వకండి.

అన్నీ సరిచేశాక కూడా దిగుడులో ఎప్పుడన్నా ఒక్కసారి సన్నగా టప్‌మంటే, కార్బొరేటర్ బండికి అది జబ్బు కాదు. దాన్ని అలాగే వదిలెయ్యండి.