పిల్లగది ప్రకాశిక: టీకా తాత్పర్య సహితం

అవతారిక

పోచారం కట్ట దిగి మెదక్ దాటి ఇంకాస్త ముందుకు పోతే కొల్చారం వస్తుంది. కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’, భారవికి ‘ఘంటాపథం’, మాఘుడికి ‘సర్వంకష’ రాసిన కోలాచల మల్లినాథసూరి ఊరు ఇదేనంటారు. వ్యాఖ్యానానికి కూర్చునే ముందు ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయరాదు, అక్కర లేనిది చెప్పరాదు. ఆ నియమాన్ని తలదాల్చి, ఆ చుట్టుపక్కలే కామారెడ్డి, ఎల్లారెడ్డి ఊళ్లలో పుట్టిన ఒక కొత్త కావ్యానికి ఇక్కడ టీక రాయబడుతున్నది. ఈ కావ్యం తాటాకు మీద లేదు, ఫ్లెక్సీ మీద ఉంది. కవి పేరు లేదు, ఫోన్ నంబరు మాత్రం ఉంటుంది.

మూలం (పలు ఫ్లెక్సీలను కలిపి కూర్చిన పాఠం, పాఠాంతరాలు అనేకం)

“పిల్లల బెడ్‌రూములకు జంగిల్ థీమ్, కారు మంచము, త్రీడీ గోడలు చేయబడును. స్కూల్ డే డాన్సులకు థీమ్ డ్రెస్సులు అద్దెకు కలవు.”

ప్రతిపదార్థం

పిల్లల = షష్ఠీ విభక్తి. గది ఎవరిది అంటే పిల్లలది. ఎంపిక ఎవరిది అంటే మూలంలో దానికి విభక్తి లేదు. రంగు అమ్మ చూస్తుంది, ధర నాన్న చూస్తాడు, వాస్తు తాత చూస్తాడు. పిల్లవాడు గృహప్రవేశం నాడు వచ్చి, మంచానికి చుట్టిన ప్లాస్టిక్ కవరులోని గాలిబుడగలను టప్ టప్ మని పేలుస్తూ కూర్చుంటాడు.

బెడ్‌రూములకు = పడుకునే గదులకు. ‘ఎవరు పడుకునే?’ అని శంక. సమాధానం ఏమనగా, మన ఇళ్లలో కాస్త పెద్దయ్యేదాకా పిల్లవాడు అమ్మకూ నాన్నకూ మధ్యనో, నాయనమ్మ పక్కనో పడుకుంటాడు. కాబట్టి ఆ గదిలో నిద్రపోయేది పండక్కి వచ్చిన మేనమామ. తీరా పిల్లవాడికి ఒంటరిగా పడుకునే ధైర్యం వచ్చేసరికి అయిదో తరగతి వస్తుంది. తెలంగాణ గురుకులాల ప్రవేశ పరీక్ష అయిదో తరగతికే. సీటు వచ్చిందా, వాడి ఆస్తి అంతా ఒక ట్రంకు పెట్టె. దాని మూత మీద తెల్ల పెయింటుతో పేరూ తరగతీ రాయించుకోవడమే ఆ పెట్టెకు థీమ్. వాడి చేత్తో వాడు తాళం వేసుకునే మొదటి స్థలం కూడా అదే.

జంగిల్ థీమ్ = అడవి అలంకారం. ఇచ్చట టీకాకారుడు కాసేపు ఆగవలసి ఉన్నది. గోడమీద జిరాఫీ, జీబ్రా, సింహం, కొబ్బరిచెట్టు, కొబ్బరిచెట్టు మీద కోతి. జిరాఫీ, జీబ్రా ఆఫ్రికావి. సింహం మన దేశంలో గుజరాత్‌లో తప్ప అడవిలో ఎక్కడా తిరగదు. మరి ఈ ఊళ్లకు దగ్గర్లో ఏమున్నది? పోచారం అభయారణ్యం. ఒకప్పుడు నిజాముల వేటస్థలం, 1952లో అభయారణ్యమైంది, దాదాపు 130 చదరపు కిలోమీటర్లు. 1916, 1922 మధ్య వాగుకు అడ్డంగా కట్టిన ఆనకట్ట వల్ల ఏర్పడిన జలాశయమే దానికి పేరిచ్చింది. అందులో చుక్కల దుప్పి ఉంది, కడితి ఉంది, మనుబోతు ఉంది, నెత్తిన నాలుగు కొమ్ములుండే కొండగొర్రె ఉంది, చిరుత ఉంది, ఎలుగు ఉంది. చలికాలంలో తలమీద రెండు నల్లచారలున్న బాతులు హిమాలయాలు దాటి ఈ నీళ్లలో దిగుతాయి. జింకల పెంపక కేంద్రం కూడా ఇక్కడే ఉంది.

ఇన్ని ఉండగా గోడమీద జిరాఫీ ఎందుకు? ‘స్టిక్కరు రోల్ అలాగే వస్తుంది సార్’ అని పెయింటర్ సిద్ధాంతం. జిరాఫీ మెడ గది ఎత్తుకు సరిపోతుందని మరొక మతం. రెండూ మూలం లేనివి, మల్లినాథుడి కోర్టులో నిలవవు.

కారు మంచము = బంపరు, హెడ్‌లైట్లు, స్పాయిలరు కలిగిన పడక. బానెటు ఎంత పొడుగైతే పరుపు అంత పొట్టి అవుతుందని న్యాయం. పిల్లవాడు ఏడాదికేడాది ఎదుగుతాడు, కారు ఎదగదు. 2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో ఫర్నిచర్ సంస్థ ఐకియా తన మొదటి భారతీయ దుకాణం తెరిచాక పిల్లల గదిని సెట్టు మొత్తంగా చూసి కొనే అలవాటు జిల్లాలకూ పాకింది. కారు మంచం మాత్రం మన వడ్రంగుల దగ్గర ముందు నుంచీ ప్లైవుడ్‌లో పుడుతూనే ఉంది, ఎర్రరంగులో.

త్రీడీ గోడలు = గోడ గోడగా కనిపించకుండుట. దీనికి పరాకాష్ఠ అమెరికాలో మిన్నెసోటాకు చెందిన డిజైనర్ స్టీవ్ కూల్ కట్టిన గది. ఒక పిల్లవాడి కోసం గదిలో సముద్రపు దొంగల ఓడను వేలాడదీశాడు. దానికి తాళ్ల వంతెన, ఒక చెరసాల, జారుడుబల్ల. అంత ఓడ మనకు అందదు కనుక వీరుణ్ణి గోడకు అతికిస్తాం. ఛోటా భీమ్ ఉన్నాడు. రాజీవ్ చిలక హైదరాబాద్‌లో పెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ సృష్టి, 2008లో పోగో చానెల్‌లో వచ్చాడు. లడ్డూ తిని బలం తెచ్చుకునే వీరుడు మన నేలవాడే, ఇతనికి మూలం ఉన్నది. ఆడపిల్ల గది అయితే 2013 నాటి ‘ఫ్రోజెన్’ మంచురాణి. ఏప్రిల్‌లో ఎల్లారెడ్డి ఎండకు ఆ గదిలో కూలర్ పెట్టుకోవాలి.

స్కూల్ డే డాన్సులకు = ఇది రెండవ వాక్యం. గదికీ డాన్సుకూ పొంతన ఏమిటని శంక. రెండింటిలోనూ థీమ్ ముందు పుడుతుంది, పిల్ల తర్వాత అందులో ఇమడాలి. అందుకే మూలకవి ఒకే ఫ్లెక్సీలో చెప్పాడు.

విశేషాంశములు

స్టేజీ థీమ్‌కు దూరపు పుట్టిల్లు కూడా ఆ మిన్నెసోటాయే. 1898 నవంబర్ 2న అక్కడి విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ ఆటలో జానీ క్యాంప్‌బెల్ అనే విద్యార్థి జనం ముందు నిలబడి అందరిచేతా ఒకే గొంతుతో కేకలు పెట్టించాడు. చీర్‌లీడింగ్ అక్కడ మొదలైంది, మొదట్లో అంతా మగవాళ్లే. అమ్మాయిలు 1920లలో చేరారు. మనవాళ్లకు ఆ మాట 2008లో ఐపీఎల్‌తో పాటు వచ్చింది. ఉప్పల్ స్టేడియంలో బౌండరీ దగ్గర ఎగిరేవాళ్లు తప్ప దానికి వేరే అర్థం ఉందని తెలియలేదు.

అసలు అర్థం కాలేజీ పోటీల్లో ఉంది. ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో అమెరికా కాలేజీ జట్లు ఏటా తలపడతాయి. 2020లో వచ్చిన ‘చీర్’ డాక్యుమెంటరీలోని నవారో కాలేజీ పిల్లలు ఏడాదంతా చేసే కష్టం అక్కడి 2 నిమిషాల 15 సెకన్ల కోసమే. మనిషిని గాలిలోకి విసిరి పట్టుకోవడం, పిరమిడ్ కట్టడం, పిల్లిమొగ్గలు. ఈ క్రీడకు చెందిన ప్రపంచ సంఘానికి అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2021లో పూర్తి గుర్తింపు ఇచ్చింది.

థీమ్‌ను నెత్తికెత్తుకున్నది మాత్రం మనీలా. డాక్టరు చదువుకని తెలుగు పిల్లలు వెళ్లే ఫిలిప్పీన్స్‌లో ఎనిమిది విశ్వవిద్యాలయాలు 1994 నుంచి చీర్‌డాన్స్ పోటీ పెట్టుకుంటున్నాయి. జట్టుకొక కథ, కథకొక వేషం, వేషానికొక పాటల మాల. మార్కులు మాత్రం మొగ్గలకూ ఎత్తులకూ విసురులకూ పిరమిడ్లకూ డాన్సుకూ. ఎంత మెరిసే కిరీటం పెట్టుకున్నా, పైనుంచి పడే పిల్లను కింద పట్టుకునే చేతులు తప్పితే కిరీటం కాపాడదు. అక్కడ థీమ్ పనిని అంటిపెట్టుకుని ఉంటుంది.

మన స్కూల్ డేలో చివరి ఐటమ్ సాధారణంగా సైనికుల థీమ్. ప్లాస్టిక్ తుపాకులు, పొగ యంత్రం, మనుషుల పిరమిడ్, దానిమీద జెండాతో అందరికంటే బక్కపిల్ల. ముందు వరుసలో పొట్టివాళ్లు, వెనక పొడుగువాళ్లు, అద్దె డ్రెస్సు కొలత ఒక్కటే. పిన్నీసులతో లోపలికి మడిచి గుచ్చుకున్నవాళ్లు కొందరు, ఊపిరి బిగబట్టి నిలబడ్డవాళ్లు కొందరు. అమ్మానాన్నలు సెల్‌ఫోన్లలో చూస్తుండగా ఎదురుగా ఉన్న పిల్ల అమ్మ కోసం వెతుకుతూ ఒక స్టెప్పు మరిచిపోతుంది.

పూర్వపక్షం, సిద్ధాంతం

‘అయితే థీమ్ అనేదే దోషమా?’ అని పూర్వపక్షం. కాదు. ఇదే నేలమీద తొమ్మిది రోజుల థీమ్ ఒకటి నడుస్తున్నది, బతుకమ్మ. ఎంగిలిపూలతో మొదలై అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, ఆరో రోజు అలిగిన బతుకమ్మ, తర్వాత వేపకాయలు, వెన్నముద్దలు, ఆఖరున సద్దులు. రోజుకో పేరు, చాలా రోజులకు ఆ పేరుకు తగ్గ నైవేద్యం. తంగేడు, గునుగు ఆ కాలానికి చెలకల్లో పూస్తాయి కనుక థీమ్‌లో ఉన్నాయి, స్టిక్కరు రోల్‌లో వచ్చి కాదు. అలిగిన రోజు ఆటే ఉండదు. ఏ ఈవెంట్ మేనేజరూ తన ప్యాకేజీలో అలకకు ఒక రోజు సెలవు ఇవ్వడు. వలయంలో చప్పట్లు కొట్టే చిన్నపిల్ల స్టెప్పు తప్పితే పక్కనున్న పెద్దమ్మ భుజం పట్టి సరిచేస్తుంది, ఆట ఆగదు.

గోడల విషయంలోనూ ఒక ఉదాహరణ ఉన్నది. ఢిల్లీలోని విన్యాస్ అనే వాస్తుశిల్ప సంస్థ యునిసెఫ్ తోడ్పాటుతో ‘బాల’ అనే పద్ధతి తయారుచేసింది. బడి భవనాన్నే బోధన సామగ్రి చేయడం దాని ఉద్దేశం. తలుపు తెరుచుకునే చోట నేలమీద కోణాలు గీస్తారు, తలుపు ఎంత తెరిస్తే అన్ని డిగ్రీలు. మెట్లమీద అంకెలు, గోడమీద ఎత్తు కొలిచే గీత, కిటికీ ఊచల్లో అక్షరాల వంపులు. అంగన్‌వాడీల్లోనూ సర్కారు బడుల్లోనూ కనిపించే బొమ్మల గోడలకు ఇది దగ్గరి చుట్టం. తలుపు తెరవడం ఎలాగూ ఉంది, గీత దాన్ని పాఠం చేసింది. మూలం ఉండి, అక్కర కూడా ఉన్న అలంకారం ఇది.

తాత్పర్యం

పిల్లల గదికీ డాన్సుకూ థీమ్ పెట్టవచ్చును. అది పిల్ల ఉండే నేలనుంచో, పిల్ల చేసే పనినుంచో, పిల్ల నోటినుంచో రావలెను. మూడింట్లో ఏదీ లేని థీమ్ టీకలేని పాఠంగా మిగులును. కామారెడ్డి, ఎల్లారెడ్డి తల్లిదండ్రులకు టీకాకారుడి మనవి ఏమనగా, ఫ్లెక్సీలోని నంబరుకు ఫోన్ చేసేముందు ఒక ఆదివారం పిల్లలను పోచారం తీసుకుపోయి జింకల కేంద్రం చూపించండి. తిరిగొచ్చాక ఏ జంతువు బొమ్మ కావాలో వాళ్లనే అడగండి. పెయింటర్‌తో మాట్లాడేటప్పుడు గోడలో కింది మూడడుగులు ఖాళీగా వదలమని చెప్పి, సుద్దముక్కల డబ్బా ఒకటి కొనిపెట్టండి.