ఆటలో అరటిపండు

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ కింద పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారు. ఆట తక్కువ, తగువు ఎక్కువ. ఎనిమిదేళ్ళ మా మనవడు నాలుగేళ్ళ చెల్లెల్ని పక్కకి నెట్టి "నువ్వు ఔట్, పైకి పో" అన్నాడు. అది ఏడుస్తూ వచ్చి నా ఒళ్ళో పడింది.

"ఒరేయ్, దాన్ని అరటిపండుగా పెట్టుకోకూడదూ?" అన్నాను.

"అంటే ఏంటి తాతయ్యా?" అన్నాడు వాడు.

చూశారా! ఇంగ్లీషు మీడియంలో ఏటా లక్షలు పోస్తున్నారు, అరటిపండంటే తెలీదు.

మా రోజుల్లో ప్రతి ఇంటికీ చంక దిగని తమ్ముడో చెల్లెలో ఒకరుండేవారు. వదిలేసి వెళితే అమ్మ వీపు చీరేస్తుంది, తీసుకెళితే ఆట సాగదు. అందుకని పంటలు వేసేటప్పుడే "వీడు అరటిపండు" అని ఒక మాట అనేసేవాళ్ళం. ఇక వాడు పరిగెత్తొచ్చు, దాక్కోవచ్చు, గెలిచానని గంతులేయొచ్చు. పట్టుబడినా దొంగ కాడు. పెద్దవాళ్ళెవరూ చెప్పకుండానే, చేతకానివాణ్ణి బయటికి తోసేయకుండా ఆడుకోవడం మాకు అలా అబ్బింది.

ఆటా బతుకూ వేరని కూడా మాకెవరూ చెప్పలేదు. అరుగు మీద సుద్దముక్కతో అయిదైదులు ఇరవై అయిదు గళ్ళు గీస్తే అష్టాచెమ్మా. గవ్వలు లేకపోతే చింతగింజల్ని గచ్చు మీద అరగదీసి ఒకవైపు తెల్లగా చేసేవాళ్ళం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. ఇంకో రెండు గళ్ళు దాటితే నా కాయ పండుతుందనగా మా నానమ్మ గవ్వలు గలగలలాడించి దాన్ని చంపేసి, బోసినోటితో పకపకా నవ్వేది. నేను కాళ్ళు నేలకేసి కొట్టుకుని ఏడ్చేవాణ్ణి. అయిదు నిమిషాల తర్వాత మూకుట్లోంచి తీసిన మొదటి గారె నా చేతిలోనే పెట్టేది. కాయని చంపిందీ, గారె పెట్టిందీ ఒకటే చెయ్యి.

సృష్టి అంతా భగవంతుడి లీల అని బ్రహ్మసూత్రాలే అన్నాయి. లీల అంటే ఆటే కదా! తిరుమల కొండ మీద వెంకటేశ్వరస్వామి రాత్రిళ్ళు హథీరాం బావాజీతో పాచికలాడేవాడని కథ. అంతటి దేవుడికీ ఎదురు కూర్చునే మనిషి కావలసి వచ్చాడు. ఎదుటివాడు లేచిపోతే ఆడేదెవరితో?

హైజింగా అనే డచ్చి చరిత్రకారుడు 1938లో 'హోమో లూడెన్స్' అని ఓ పుస్తకం రాశాడు. మనిషి నాగరికత ఆటలోంచే పెరిగిందంటాడు. తొండి ఆడేవాడిని జనం సహిస్తారట, ఆట చెడగొట్టేవాడిని మాత్రం సహించరట. తొండివాడు కనీసం ఆటని ఒప్పుకుంటాడు కదా. ఈ ముక్క మా వీధిలో ఏ కుర్రాడిని అడిగినా చెప్పేవాడు.

ఇప్పుడన్నీ ఆట చెడగొట్టే బాపతే. మా రోజుల్లో బావలూ మరదళ్ళూ, వదినలూ మరుదులూ ఒకళ్ళనొకళ్ళు ఎన్నేసి మాటలు అనుకునేవారు! అలక కూడా ఆటలో భాగమే. అల్లుడు అలకపాన్పు ఎక్కడమూ, మామగారు బతిమాలి దింపడమూ ఇద్దరికీ ముందే తెలిసిన ఎత్తులు. ఇప్పుడు ఓ వేళాకోళం ఆడితే చాలు, ఫ్యామిలీ గ్రూపులోంచి లెఫ్ట్. చిటికెనవేలు చూపించి కటీఫ్ అంటే సాయంత్రానికి మళ్ళీ కలవొచ్చు. లెఫ్ట్ అయినవాడు ఎప్పుడొస్తాడో ఎవడికి తెలుసు?

పెళ్ళిళ్ళయితే మరీనూ. ముఖం సరిగ్గా చూసుకోని ఇద్దరికీ బెరుకు పోవాలనే మనవాళ్ళు పూలబంతులాట పెట్టారు, బిందెలో ఉంగరం వేశారు. మొన్నో పెళ్ళిలో ఉంగరం దొరికాక ఫొటోగ్రాఫరు "సార్, యాంగిల్ రాలేదు, మళ్ళీ వేసి తీయండి" అన్నాడు. వాళ్ళు తీశారు కూడా! 1974లో మా పెళ్ళిలో మూడుసార్లకి రెండుసార్లు ఉంగరం నాకే దొరికింది. యాభై ఏళ్ళుగా ఈ మాట వినని చుట్టం లేడు.

ఇదంతా చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్న మా ఆవిడ ముందు ఏకరువు పెట్టాను. ఆవిడ తలెత్తలేదు.

"రెండోసారి ఉంగరం నా వేలికే తగిలిందండీ. మా మేనత్త వెనకనుంచి మోచెయ్యి గిల్లింది, వదిలెయ్యమని. వదిలేశాను. మీ రోజుల్లో ఆడవాళ్ళం అందరం అరటిపళ్ళమే. ఆటలో ఉన్నాం, లెక్కలో లేం."

నాకు మాట రాలేదు. ఇన్నేళ్ళూ నేను గెలిచానని ఊరంతా చెప్పుకుంటుంటే పక్కనే కూర్చుని నవ్వుతూ విన్నది. ఇంతకీ ఇద్దరిలో ఆట తెలిసినవాళ్ళెవరు?

సాయంత్రం బాల్కనీలో సుద్దముక్కతో గళ్ళు గీశాను. మనవడు పక్కన చేరాడు, చెల్లెల్ని అరటిపండుగా పెట్టుకుని. "ఈసారి వదలనండోయ్" అంటూ మా ఆవిడ గవ్వలు విసిరింది. వదల్లేదు కూడా. పండబోయే నా కాయని రెండుసార్లు చంపి, తన నాలుగు కాయలూ పండించుకుని లేచింది.

రాత్రి అన్నం నేను వడ్డించాను.