ఎడ్డెమంటే తెడ్డెం: షాద్‌నగర్‌లో ఈతకొలను కట్టేవారికి

హైదరాబాద్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణంగా యాభై కిలోమీటర్లు వస్తే షాద్‌నగర్. 2016 దాకా మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు రంగారెడ్డి. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల చెల్కలకు ఎకరాల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. ఫాంహౌస్ కట్టినవాళ్లలో చాలామందికి ఆ తర్వాతి కోరిక పెరట్లో ఈతకొలను. కట్టుకోండి, నేను వద్దనను. కాకపోతే నేను చెప్పేవి కొలను కట్టే మేస్త్రీ చెప్పేవాటికి ఎదురుగా ఉంటాయి. ఎడ్డెమంటే తెడ్డెమంటున్నానని ఆయన అంటాడు. అననివ్వండి.

ముందు ఒక ఎండాకాలం ఆగండి. ఆగస్టులో బోరు వేయించి, ధార చూసి మురిసిపోయి, వెంటనే కొలనుకు అడ్వాన్సు ఇస్తారు. ఈ నేల కింద ఉన్నది గ్రానైటు. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద బండ. నీళ్లు నిలిచేది మొరంలోనూ బండ పగుళ్లలోనూ మాత్రమే. షాద్‌నగర్‌లోనే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహాల సమాచారాన్ని అందుకుంటుంది. భూగర్భ జలాలు ఎక్కడ దొరకవచ్చో చూపే పటాలు తయారుచేసిందీ ఆ సంస్థే. పటం చూడండి, మంచిదే. కానీ మీ బోరు సంగతి తేల్చేది మే నెల. మే ఆఖర్లో మోటారు రెండు గంటలు ఆపకుండా నడపండి. మధ్యలో గాలి కొట్టిందా, ఆ బోరు తాగడానికీ నాలుగు చెట్లకూ చాలు, కొలనుకు చాలదు. ఇంకో బోరు వేద్దామంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. చట్టం సంగతి అటుంచినా, పక్క చేను రైతు వరినారు ఆ పగుళ్ల నీళ్ల మీదే ఆధారపడి ఉండొచ్చు.

ఇప్పుడు కాగితం తీయండి. మేస్త్రీ గీసిచ్చే కొలను పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు అనుకుందాం. అది 75,000 లీటర్లు పడుతుంది, అంటే ఐదువేల లీటర్ల ట్యాంకర్లు పదిహేను. నింపితే అయిపోదు. మే ఎండకూ వడగాలికీ నీళ్లు రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరవుతాయి. ఈ కొలనులో సెంటీమీటరంటే 500 లీటర్లు. ఏడాది మొత్తంలో మీటరున్నర దాకా పోతుంది, అంటే ఎవరూ దిగకపోయినా నిండు కొలనంత నీళ్లు ఎండపాలు.

అందుకే కొలనుకు స్థలం కొలిచే ముందు ఇంటి కప్పు కొలవండి. 150 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన పడి, అందులో ఐదో వంతు వృథా అయినా 72,000 లీటర్లు చేతికొస్తాయి. కొలనును ఆరు మీటర్లు, మూడు మీటర్లు, మీటరూ ఇరవై సెంటీమీటర్ల లోతుకు కుదించండి. అది 21,600 లీటర్లతో నిండుతుంది. ఏడాది ఆవిరికి మరో 27,000. రెండూ కలిపినా కప్పు మీది వానకు లోపలే. మొదటి వాన దుమ్మును బయటికి వదిలేసి, ఆ తర్వాతి నీళ్లు వడకట్టి పట్టండి. ఒక్క జాగ్రత్త: ఖనిజాలు లేని వాన నీళ్లు ఒక్కటే నింపితే సిమెంటు పూతను తినేస్తాయి. బోరు నీళ్లు ఒక్కటే పోస్తే తెల్లటి సున్నపు పొర కడుతుంది. రెండూ కలపండి, కలిపాక పరీక్ష చేయించండి.

ఇక గొయ్యి. తవ్వకండి, గోడ లేపండి. ఇక్కడ నాలుగైదు అడుగులకే బండ తగిలే చోట్లున్నాయి. బండ పగలగొట్టే ఖర్చుతో చుట్టూ కాంక్రీటు గోడ వస్తుంది. సగం భూమిలో, సగం భూమి పైన, మన పాత హౌజులాగా కట్టించండి. వానాకాలం ఎర్రమట్టి నీళ్లు లోపలికి కొట్టుకురావు, కుక్కలు జారిపడవు. ఉన్న కాస్త తవ్వకంలోనూ చివరి అరడుగు జేసీబీకి వదలకుండా మనుషుల చేత గడ్డపారతో చదును చేయించండి. యంత్రం లోతుగా తవ్వేసి మళ్లీ మట్టి పూడిస్తే ఆ మట్టి కుంగుతుంది, అడుగు పగుళ్లిస్తుంది. దేశమంతటా ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసిన పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీల గడ్డ ఇది. ఆ చేతిపని తెలిసినవాళ్లు దొరుకుతారు, కూలి బేరమాడకుండా ఇవ్వండి.

నడినెత్తిన ఎండ పడేలా కట్టమంటారు, ఫొటోలు బాగా వస్తాయని. నీడ వేయండి. నర్సరీల్లో వాడే షేడ్ నెట్ చాలు. ఆవిరి తగ్గుతుంది, క్లోరిన్ కూడా మిగులుతుంది. ఎండలో అతినీలలోహిత కిరణాలు క్లోరిన్‌ను గంటల్లో విరగ్గొడతాయి. నీళ్లలో క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే ఏళ్ల తరబడి నీళ్లు మార్చనక్కర్లేదు. ప్రతి నెలా ఖాళీ చేసి కడగమనే సలహా వినకండి. ముఖ్యంగా వానలు గట్టిగా పడ్డాక ఖాళీ చేయకండి. భూమిలో ఊరిన నీళ్ల ఒత్తిడికి ఖాళీ కొలను అడుగు పైకి లేస్తుంది.

ముదురు నీలం టైల్స్ వద్దు. లేత రంగు వేయించండి, అడుగున ఉన్న మనిషి గట్టు మీదికి కనబడాలి. పిల్లలకు నీలం, తెలుపు బట్టలు కాకుండా నారింజ రంగువి వేయండి.

ఇంతవరకూ నీళ్ల లెక్క. నన్ను నిజంగా పట్టి పీడించేది ఇంకోటి. మీరు వచ్చేది ఆదివారం. మిగతా ఆరు రోజులు ఆ కొలను పక్కన బతికేది వాచ్‌మన్ కుటుంబం. తల్లి తోటలో కలుపు తీస్తుంటుంది, తండ్రి గేటు దగ్గర ఉంటాడు, మూడేళ్ల పిల్ల ఆడుకుంటూ ఉంటుంది. మునిగే పసిపిల్లలు అరవరు, చేతులు ఊపరు. చప్పుడు లేకుండా రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. కాబట్టి ఇంటికి ప్రహరీ ఉందని సరిపెట్టుకోకండి. ఆస్ట్రేలియాలో ఇంటి కొలను చుట్టూ కనీసం 1.2 మీటర్ల ఎత్తు కంచె, దానంతట అదే మూసుకునే గేటు తప్పనిసరి. ఇక్కడ ఎవరూ అడక్కపోయినా మీరు పెట్టించండి. ఎక్కడానికి వీలుగా అడ్డ కమ్మీలు వద్దు, నిలువు కమ్మీలే. కంచె పక్కన కుర్చీలు, బకెట్లు ఉంచకండి. కొలను నిండిన మొదటి వారం మీ పిల్లలకంటే ముందు వాచ్‌మన్ పిల్లలకు ఈత నేర్పించండి. ఈత నేర్పే మనిషికి డబ్బు మీరే ఇవ్వండి. ఇది దయ కాదు. వాళ్ల గడప ముందు ప్రమాదం తెచ్చిపెట్టింది మీరు.

అడుగున నీళ్లు లాగే రంధ్రం ఒక్కటే పెడతానంటే ఒప్పుకోకండి. ఎవరి ఒళ్లయినా దాన్ని మూసేస్తే పంపు లాగే బలమంతా ఆ ఒంటి మీదే పడుతుంది. అమెరికాలో 2002లో ఏడేళ్ల పాప ఇలా చనిపోయింది. ఆ పాప పేరుతోనే 2007లో చట్టం చేశారు. కనీసం మూడడుగుల దూరంలో రెండు రంధ్రాలు, ఉబ్బెత్తు మూతలు, కొలను పక్కనే చేతికందేలా పంపు ఆపే స్విచ్ పెట్టించండి. దీపాలు 12 వోల్టులవి, మొత్తం లైనుకు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ. ఇవన్నీ కలిపి మేస్త్రీ అదనంగా ఎంత వేస్తే అంత ఇచ్చేయండి. బడ్జెట్ మించితే టైల్స్‌లోనూ, పక్కన కట్టబోయే బార్ కౌంటర్‌లోనూ తగ్గించమనండి.