తోకను బట్టి న్యాయం

తెల్లటి మీసాలు, నారింజ రంగు పళ్లు, ముందు కాళ్లతో దుంపను పట్టుకుని బుద్ధిగా కొరుక్కుతినే తీరు. న్యూట్రియా అనే జంతువు ఫొటో చూస్తే ఎవరికైనా మనసు కరుగుతుంది. కిందికి చూశాక మళ్లీ గడ్డకడుతుంది. అచ్చం ఎలుక తోక! బీవర్‌కిచ్చినట్టు దీనికీ ఓ వెడల్పాటి తోక ఇచ్చి ఉంటే జాతకమే మారిపోయేది. కెనడాలో జంతువు హోదాను తోకే తేలుస్తుంది మరి.

బీవర్ భోగం చూడండి. 1670లో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ యూరప్ దొరల టోపీల కోసం దాని తోలు వలిచే సామ్రాజ్యం కట్టుకుంది. చంపగా చంపగా చాలాచోట్ల కనబడకుండా పోయాక, 1937లో ఐదు సెంట్ల నాణెం మీద కూర్చోబెట్టారు. 1975లో ఏకంగా చట్టం చేసి దేశానికి చిహ్నం అన్నారు. బతికుండగా తరిమికొట్టి, పోయాక విగ్రహానికి పాలాభిషేకం చేసే మనకు ఇది కొత్త విద్యేం కాదు.

న్యూట్రియా సొంతూరు దక్షిణ అమెరికా. అది ఈత కొట్టుకుంటూ ఉత్తరానికి రాలేదు. బొచ్చు మెత్తగా ఉందని వ్యాపారులే బోనుల్లో పెట్టి తెచ్చారు. కెనడాలోనూ ఫారాలు పెట్టారు. బొచ్చుకు ధర పలికినన్నాళ్లూ అది పెట్టుబడి. ధర పడిపోగానే దాని పేరు దురాక్రమణ జీవి! ఖాతా పుస్తకంలో లాభం పోయిన రోజునే దీనికి నేరచరిత్ర మొదలైంది.

ఫారాల నుంచి బయటపడ్డవి కెనడాలో పెద్దగా నిలదొక్కుకోలేదు. చలికి తోకలూ పాదాలూ దెబ్బతిని చచ్చాయి. జీతం లేకుండా పనిచేసిన ఏకైక ఉద్యోగి అక్కడి శీతాకాలమే. ఆ ఉద్యోగి కూడా ఈమధ్య నెమ్మదిస్తున్నాడు. సరిహద్దుకు దిగువన వాషింగ్టన్ రాష్ట్రంలో న్యూట్రియాలు హాయిగా ఉన్నాయి కాబట్టి, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కళ్లల్లో వత్తులు వేసుకోక తప్పదు.

అలాగని న్యూట్రియా అమాయకురాలనడం లేదు. రోజుకు తన బరువులో పావువంతు మేస్తుంది. ఆకులతో ఆగక వేళ్లు కూడా పెకలిస్తుంది కనుక, చిత్తడి నేల కాస్తా నీళ్లపాలవుతుంది. ఏడాది నిండకుండానే తల్లి కాగలదు. లూసియానాలో తోకకు 6 డాలర్ల చొప్పున ప్రభుత్వం వేటగాళ్లకు చెల్లిస్తోంది. 2025లో అమెరికా వన్యప్రాణి శాఖ ఇంకో అడుగేసి, వండుకు తినమంది. కోటుగా అమ్ముడుపోని సరుకును కూరగా అంటగట్టడమన్నమాట.

అదే దూదిపింజె తోక అయితే? కెనడాలోని విక్టోరియా విశ్వవిద్యాలయం కుందేళ్లను అడగండి. పిల్లలకు ముద్దని కొని, విసుగు పుట్టాక జనం క్యాంపస్‌లో వదిలేస్తే అవి వెయ్యి దాటిపోయాయి. 2010లో చంపడానికి సిద్ధపడితే గగ్గోలు లేచి, వ్యవహారం కోర్టుకెక్కింది. చివరికి వందల కుందేళ్లను పట్టి ఆశ్రయ కేంద్రాలకు పంపారు. కొన్నయితే టెక్సాస్ దాకా వెళ్లాయి! మొక్కల వేళ్లకు మాత్రం కొరికింది కుందేలా, ఎలుకా అన్న తేడా తెలియదు. వదిలేసిన మహానుభావుల్ని ఎవరూ టెక్సాస్ పంపలేదు.

అసలు తమాషా దక్షిణ అమెరికా కొసన ఉంది. 1946లో అర్జెంటీనా ప్రభుత్వం బొచ్చు పరిశ్రమ పెడదామని కెనడా నుంచి 20 బీవర్లను తెప్పించి, టియెర్రా డెల్ ఫ్యూగోలో వదిలింది. పరిశ్రమ రాలేదు, బీవర్లు మాత్రం ఆనకట్టలు కట్టాయి. వాటిని తినే జంతువు అక్కడ లేదు. కొరికితే మళ్లీ చిగురించే గుణం అక్కడి చెట్లకూ లేదు. ఇప్పుడవి లక్ష దాకా ఉంటాయని అంచనా. జలసంధి దాటి ప్రధాన భూభాగానికీ పాకాయి. 2008లో చిలీ, అర్జెంటీనా నిర్మూలనకు ఒప్పందమే రాసుకున్నాయి. దక్షిణం నుంచి వచ్చిన న్యూట్రియా ఉత్తరాన చొరబాటుదారు, ఉత్తరం నుంచి వెళ్లిన జాతీయ చిహ్నం దక్షిణాన చొరబాటుదారు. రెండింటికీ టికెట్టు కొన్నది బొచ్చు బేరమే.

న్యూట్రియా మన చెరువుగట్టున కనబడితే ముద్దొచ్చినా సరే, పట్టాల్సిందే. పిల్లను ఇంటికి తెచ్చి పాలసీసా పట్టకండి. కానీ అభియోగపత్రం రాసే అధికారులారా, మొదటి ముద్దాయి స్థానంలో దాన్ని తెచ్చినవాడి పేరు రాయండి. ఎలుక పేరు రెండోది.