ముందుగాల నీళ్లియ్యన్నా: టీకా తాత్పర్య సహితము

మూలము

ముందుగాల నీళ్లియ్యన్నా,
గటెన్క చాయ్ తాగుదం,
పొద్దుమీకినంక సూద్దం.

అవతారిక

సూత్రకర్త పేరు తెలియదు. జన్మస్థానం మాత్రం పసుపు ఉడకబెట్టే కళ్లమని భాషే సాక్ష్యమిస్తున్నది. ఆ కళ్లం నిజామాబాద్ జిల్లా ముప్కాల్‌ది, 2016లో బాల్కొండ నుంచి విడిపడి మండలమైన ఊరు. 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు పోతుంటే, రోడ్డు దిగిన చేలల్లో పసుపు తవ్వి, కొమ్ము వేరు మండ వేరు చేసి, ఇనుప డ్రముల్లో ఆవిరి పట్టిస్తారు. ఘాటు వాసన లేచాక పుల్ల గుచ్చి చూస్తారు. మెత్తగా దిగితే ఉడికినట్టు. పైన ఎండ, పక్కన ఆవిరి, మధ్యన మనిషి. ఆ మనిషి నోటి మాట ఇది.

మెదక్ జిల్లా కొల్చారం వాడైన కావ్యవ్యాఖ్యాత మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ పట్టాడు. మాకంత నిష్ఠ లేదు.

ప్రతిపదార్థము

ముందుగాల = మొట్టమొదట (చాయ్, బీడీ, బాకీ ముచ్చట్లకు పూర్వమే అని భావము); నీళ్లు = జలమును; ఇయ్యి = ఒసగుము; అన్నా = ఓ అగ్రజుడా (వయసున చిన్నవాడైనను చెంబు చేతనున్నవాడు అగ్రజుడే); గటెన్క = ఆ పిమ్మట; చాయ్ = పాలు శర్కరలు గూడిన తేయాకు కషాయమును; తాగుదం = మనమందరము సేవింతము; పొద్దుమీకినంక = సూర్యుడస్తమించిన తరువాత; సూద్దం = చూతము. దేనిని చూతమో కవి చెప్పలేదు. ఆ సంగతి పిదప.

టీక

"ముందుగాల నీళ్లు" అనుటలో కవి వైద్యుడనిపించుకున్నాడు. నీటిలో కేలరీలు లేవు గనుక అది ఆహారం కాదనే వాదం ఒకటున్నది. నిలవదు. తిన్నదానిని కరిగించేది, రక్తమై మోసేది, మిగిలిన చెత్తను బయటికి తోసేది నీరే. పైగా చెమట వరదగా పోతున్నప్పుడు దాహం వెనకబడి వస్తుంది. దప్పిక తెలిసేసరికే ఒంట్లో నీరు కొంత తగ్గి ఉంటుంది. అందుకే "దూపైనప్పుడు" అనక "ముందుగాల" అన్నాడు. నీళ్లు చాలాయో లేదో తెలుసుకోను ఒక గుర్తున్నది. ఈ ఊళ్లో పసుపు రంగు లక్ష్మీప్రదమే గాని, ఒంటేలులో అది ముదిరితే మంచిది కాదు. చెమటతో ఉప్పూ పోతుంది గనుక, పొద్దంతా పనిచేసేవారికి ఉప్పు వేసిన పలుచని మజ్జిగను కూడా "నీళ్లు" అనే మాటలోనే చేర్చుకోవాలని మా మతం.

ఇక్కడ చిన్న శాఖాచంక్రమణం. నెహ్రూ 1963లో పునాదిరాయి వేసిన పోచంపాడు ప్రాజెక్టు ఈ ఊరికి కూతవేటు దూరం. దాని వరదనీటిని కిందికి పంపడానికి తవ్విన కాలువలోనే, గోదావరి నీళ్లను వెనక్కి ఎక్కించడానికి తర్వాత మూడు పంపుహౌసులు కట్టారు. మూడోది ముప్కాల్‌దే. పల్లమెరిగిన నీరు మెట్ట ఎక్కగా లేనిది, డ్రము దగ్గరికి ఒక చెంబెడు నడిచి రాదా?

"గటెన్క చాయ్" అన్నచోట వ్యాఖ్యాతలకు తగవున్నది. "గటెన్క" అంటే నీళ్ల వెనకనా, సద్ది వెనకనా? సద్ది వెనక అనేవారిది పూర్వపక్షం. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తిని, చెయ్యి తడి ఆరకముందే చాయ్ పోస్తే, అందులోని టానిన్లు ఆ తిండిలోని ఇనుమును పట్టుకుని ఒంటికి అందనీయవు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నట్టు 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. పసుపు ఏరే చేతులు ఎక్కువగా వారివే. కనుక నీళ్ల వెనకే అన్నది సిద్ధాంతం.

శర్కర సంగతి. గ్లాసుకు రెండు చెంచాలు, రోజుకు అయిదు గ్లాసులు. చెంచాకు నాలుగైదు గ్రాముల లెక్కన 40 నుంచి 50 గ్రాములు చాయ్‌లోనే తీరిపోతాయి. రెండు వేల కేలరీల తిండికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గరిష్ఠ హద్దు 50. సగానికి తగ్గిస్తే మరీ మేలన్నది.

పాఠాంతరాలు. కుర్రకారు ప్రతుల్లో "చాయ్"కి బదులు "కూల్‌డ్రింక్" అని కనబడుతుంది. చిన్న సీసాలోనే ముప్పై గ్రాముల చక్కెర. ప్రక్షిప్తమని తోసేశాం. పట్నం ప్రతుల్లో "పసుపు పాలు" అని ఉన్నది. ఈ పాఠం ఆలోచించదగ్గదే. పసుపులోని కర్క్యుమిన్ నీట కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాల మీగడ అందుకు కొంత సాయం. మిరియాల్లోని పైపరిన్ తోడైతే అది రక్తంలోకి ఎన్నో రెట్లు ఎక్కువగా చేరుతుందని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్యకళాశాల వారు 1998లో చూపారు. అయినా చిటికెడు పసుపులో కర్క్యుమిన్ ఉండేదే అత్యల్పం. పండించినవాడికి మందుగా కంటే మార్కెట్‌లో ధరగా దక్కితేనే దానివల్ల ఎక్కువ ఆరోగ్యం.

ఇక "సూద్దం". కావ్యానికి ప్రాణం ఇదే, ప్రాణానికి గండమూ ఇదే. వాచ్యం శూన్యం, వ్యంగ్యం సీసా. ధ్వనికి ఇంతకంటే ఉదాహరణ దొరకదు. సారాయంలోని ఆల్కహాల్‌కు గ్రాముకు ఏడు కేలరీలున్నాయి. పిండిపదార్థానికి నాలుగే. అయితే ఆ ఏడింటి వెంట మాంసకృత్తులు రావు, విటమిన్లు రావు. పైగా తిన్న తిండిలోని థయమిన్, ఫోలేట్ ఒంటబట్టకుండా చేస్తుంది. ఒంటేలుగా నీటిని వెళ్లగొడుతుంది. మొదటి పాదంలో తాగిన నీళ్లను మూడో పాదం పారబోస్తుందన్నమాట. దీన్ని స్వవచన వ్యాఘాత దోషమంటారు.

"కల్లు బలం కదా" అని పూర్వపక్షి లేస్తాడు. చెట్టు దిగిన నీరా తీపి, అందులో కొంత సత్తువ ఉన్నమాట నిజం. కొన్ని గంటల్లో పులిసి మత్తెక్కుతుంది. ఇక ఈ జిల్లా కల్లులో డయజెపామ్, అల్ప్రాజోలమ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన సంగతి పలుమార్లు బయటపడింది. అది తాడి రసం కాదు, కొలత లేని నిద్రమందు. అలవాటైనవారికి ఒక్కసారిగా ఆగితే వణుకు, ఫిట్స్ వస్తాయి. అట్టివారిని మాన్పించవలసింది తిట్టి కాదు, ఆసుపత్రిలో.

తాత్పర్యము

మొదటి పాదం శిరోధార్యం. రెండోది, తిండికి గంట ఎడంగా, శర్కర సగమైతే గ్రాహ్యం. మూడోది ఛందోభంగం, తీసివేసినా పద్యానికి లోటు లేదు.

పసుపు ఉడికించే రైతన్నలకు వ్యాఖ్యాత మనవి: నీళ్ల కుండ డ్రము పక్కన ఎండలో గాక చెట్టు నీడలో పెట్టించండి, మజ్జిగలో ఉప్పు వేయించండి, చాయ్ సద్దితోపాటు కాకుండా సద్ది తిన్న గంటకు తెప్పించండి.