అక్షరాలా 41 పైసలు

న్యూయార్క్ రాష్ట్రంలో ఇల్లు కొనుక్కుని, అమెరికా పౌరసత్వం కూడా పుచ్చుకున్న మన తెనాలి బాబులకు ఏటా మే నెల మూడో మంగళవారం ఒక తద్దినం. ఆ రోజు ఊరి బడి బడ్జెట్ మీద ఓటింగు. ఖర్చెంత, ఇంటి మీద పన్ను ఎంత పెరుగుతుంది, అన్నీ ముందే అచ్చేసి ఇంటికి పంపుతారు. పెంపు చట్టం గీసిన గీత దాటితే పోలైన ఓట్లలో 60 శాతం ఔననాలి. ఎంత చాకిరీ!

అలాంటి బాధలు లేని పుణ్యాత్ములం మనం. తెనాలిలో గానీ, బాపట్లలో గానీ, రేపల్లెలో గానీ మీ బడికి ఎంత కావాలని మనల్ని ఎవరూ అడగరు. మనమూ ఎవరినీ అడగం. ఇంత సామరస్యం ఏ ప్రజాస్వామ్యంలో ఉంది?

అలాగని మనం ఓట్లు వేయలేదనుకోకండి. తెనాలి, రేపల్లె కౌన్సిళ్లకు 2021 మార్చి 10న క్యూలో నిలబడి మరీ వేశాం. మన రాష్ట్రంలో కౌన్సిల్ బడ్జెట్ మీటింగు ఎలా ఉంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అంశం చదవడం పూర్తికాకముందే "ఆమోదం" అని కేక. కాలవల్లో పూడిక మీద ఒకాయన లేస్తాడు, వీధిలైట్ల మీద ఇంకొకాయన లేస్తాడు, టీ వచ్చేసరికి ఇద్దరూ కూర్చుంటారు. బడి మీద ఎవరూ లేవరు. సభ్యుల పిల్లలు ఏ బడిలో చదువుతున్నారని అడిగితే సభా మర్యాద చెడుతుంది కాబట్టి ఆ ప్రశ్న నేనూ వేయను.

బాపట్ల ఇంకా అదృష్టం చేసుకుంది. 2014లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2019లో తీరింది. 2021 ఎన్నికల జాబితాలో ఆ ఊరి పేరే లేదు. కౌన్సిల్ స్థానంలో ఉన్న ప్రత్యేకాధికారే ప్రతిపాదించాలి, ప్రత్యేకాధికారే ఆమోదించాలి. ఏకగ్రీవమంటే అదీ!

2022 ఏప్రిల్ 4న అదే బాపట్ల జిల్లా కేంద్రమైంది. కలెక్టర్ వచ్చాడు, ఎస్పీ వచ్చాడు, జిల్లా పరిషత్ మాత్రం రాలేదు. 2021లో ఎన్నికైన పరిషత్ పాత జిల్లా లెక్కన గుంటూరులోనే ఉండిపోయింది. చీరాల వైపు బడులకైతే ఒంగోలు. రేపల్లె పక్క పల్లెలో జడ్పీ హైస్కూలు గోడ కూలిందనుకోండి. అర్జీ బాపట్లలో, తీర్మానం గుంటూరులో, డబ్బు అమరావతిలో. గోడ ఒక్కటే స్థానికం.

మున్సిపల్ బడుల కథ వేరేమీ కాదు. 2022 జూన్‌లో జీవో 84 ఇచ్చి వాటి అజమాయిషీ పాఠశాల విద్యాశాఖకు అప్పగించారు. అదే నెలలో జీవో 117 వచ్చి, 3, 4, 5 తరగతుల పిల్లల్ని దగ్గర్లోని హైస్కూళ్లకు నడిపించింది. 2025లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. పంపేటప్పుడు ఏ కౌన్సిల్‌నూ అడగలేదు, రద్దు చేసేటప్పుడూ అడగలేదు. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో విద్యకు ప్రోత్సాహం మున్సిపాలిటీల పనుల్లో ఉంది. ఉండనివ్వండి, పాపం, ఎవరికి అడ్డం?

పన్నులు లేవా అంటే, బోలెడు. 2021 నుంచి ఇంటి పన్ను ఆస్తి విలువ మీద కడుతున్నాం. ఏటా 15 శాతం దాకా పెంచుకునే వీలుంది. దాని మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. పట్టణాల్లో చెత్తకూ పన్ను వేశారు, జనం తిట్టాక 2024లో ఎత్తేశారు. చదువుకు పన్ను వేస్తామని ఓట్లడిగే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఊరి సంస్థలు విద్యా పన్ను వేసుకోవచ్చని 1920లోనే మద్రాసు చట్టం చెప్పింది. తెల్లదొరలకున్న ఆ మాత్రం సిగ్గు మనకు అక్కర్లేకపోయింది.

మరి బడి నడిచేది దేనితో? జీతాలు ట్రెజరీవి. కరెంటు బిల్లు, సుద్దముక్కలు, నల్లా మరమ్మతు వగైరాలకు సమగ్ర శిక్ష కింద ఏడాదికొక గ్రాంటు ఉంటుంది. 30 మంది లోపు పిల్లలుంటే 10 వేలు, 100 లోపు 25 వేలు, 250 లోపు 50 వేలు, వెయ్యి దాకా 75 వేలు, ఆ పైన లక్ష. 500 మంది ఉన్న హైస్కూలుకు తలకు ఏడాదికి 150 రూపాయలు. రోజుకు అక్షరాలా 41 పైసలు. అదే వెయ్యి మంది ఉంటే తలకు 75 రూపాయలే. ఆ మెట్టులో పిల్లలు పెరిగేకొద్దీ రేటు తగ్గుతుంది: సర్కారువారి హోల్‌సేల్ బేరం.

ఇక అసలు బడి పన్ను. అది ఉంది, మనమే గమనించలేదు. అమ్మఒడి పథకం కింద తల్లులకిచ్చే 15 వేలలో మరుగుదొడ్ల నిర్వహణకని 2021లో వెయ్యి పట్టుకున్నారు. 2022లో అది బడి నిర్వహణతో కలిపి 2 వేలైంది. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, గోడల రంగు మారింది. 2025 జూన్‌లో తల్లికి వందనం కింద ఖాతాలో పడింది 13 వేలు; మిగతా 2 వేలు మళ్లీ బడికే. ఇందాకటి హైస్కూలులో ఆ 500 మందికీ పథకం వస్తే తల్లుల వాటా 10 లక్షలు, గ్రాంటు 75 వేలు! తెనాలిలో మూడంతస్తుల మేడకు ఈ బడి పన్ను లేదు. మినుము చేలో కూలికెళ్లే రేపల్లె తల్లికి ఉంది. ఆవిడను ఎవరైనా ఓటడిగారా? అడిగారు లెండి, 2024 ఆగస్టు 8న, యాజమాన్య కమిటీ సభ్యుల్ని ఎన్నుకోమని. 2 వేలు పట్టుకోమంటావా అని మాత్రం అడగలేదు.

అదే ఏడాది డిసెంబర్ 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగుకు ముఖ్యమంత్రి, విద్యామంత్రి తండ్రీకొడుకులిద్దరూ బాపట్ల మున్సిపల్ హైస్కూలుకే వచ్చారు. పిల్లలతో కలిసి మధ్యాహ్న భోజనం చేశారు, మంచిదే. ఊరికి కౌన్సిలెప్పుడు వస్తుందని అడిగే తండ్రి ఒక్కడుంటే ఇంకా బాగుండేది.

మనం మరీ చేతులు ముడుచుకున్నామని అనలేం. పూర్వ విద్యార్థులు బ్యాచ్‌ల వారీగా కలుసుకుని, శాలువాలు కప్పుకుని, పాత బడికి నాలుగు ఫ్యాన్లిచ్చి వాటి రెక్కల మీద పేర్లు రాయించుకుంటున్నారు. న్యూయార్క్ బాబుకు అక్కడ బడి పన్ను కట్టడం బాధ్యత, ఇక్కడ ఫ్యానివ్వడం దానం. ఆ ఫ్యాను కరెంటు బిల్లు మళ్లీ ఆ 41 పైసల్లోంచే రావాలి.

అడగకుండా పన్ను వేశారని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఇళ్లూ వాకిళ్లూ వదిలి, రామ్‌నగర్‌లో గుడిసెలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు చీరాల పేరాల జనం. మిమ్మల్ని ఇల్లు వదలమనడం లేదు. ఈసారి మున్సిపల్ ఎన్నికల్లో కండువా వేసుకుని అభ్యర్థి మీ వాకిట్లోకొస్తే, కాలవ సంగతి, లైటు సంగతి తర్వాత. మా ఇంటి పన్నులో బడికి రూపాయికి ఎన్ని పైసలు రాస్తావు, ఆ తల్లి 2 వేలు ఎప్పుడు మాన్పిస్తావు అని అడగండి. అంకె చెప్పలేనివాడికి ఓటు వేయకండి.