విమానం మామ

గోరంట్లలో టీకొట్టు బెంచీ మీద, కళ్ళకు అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూస్తూ కూర్చునే పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. కదిరిలోనూ, హిందూపురంలోనూ ఉంటాడు గానీ గోరంట్ల ఆయనకు హోదా ఎక్కువ. పిల్లా పెద్దా అందరికీ ఆయన విమానం మామ. ఆ చూపు ఊరికే వచ్చింది కాదు. శెనక్కాయ వేసి మబ్బు కోసం ఎదురుచూసే సీమలో తల పైకెత్తడం సేద్యంలో ఒక భాగం. 2004 తర్వాత కొన్నేళ్ళు ప్రభుత్వం మేఘమథనం పేరుతో చిన్న విమానాలను పంపి మబ్బుల్లో రసాయనాలు చల్లించింది. వాన పడినచోట పడింది, పడనిచోట పడలేదు, చిన్న విమానం మీద అనుమానం మాత్రం అంతటా పడింది. రామగిరి గాలిమరలు మబ్బుల్ని తోలేస్తున్నాయని గట్టిగా నమ్మిన జిల్లా కదా! మబ్బుల కాలం అయిపోయాక మామ చూపు ఖాళీగా ఉండలేక స్మగ్లింగు మీదికి మళ్ళింది.

ఆయన తర్కం సూటిగానే ఉంటుంది. "పెద్దదైతే బెంగళూరికి పోతాది. చిన్నదానికి ఈడ ఏం పనప్పా?" అంటాడు. పుట్టపర్తిలో 1990 నుంచి విమానాశ్రయం ఉందని, ప్రముఖులు చిన్న విమానాల్లోనే దిగుతారని ఎవరైనా గుర్తు చేస్తే, "అదే నేను చెప్పేది" అని చక్కెర తక్కువ టీ ఇంకొకటి చెబుతాడు. దేనికి అదే చెప్పాడో ఎవరికీ తెలియదు. ఆయన బ్రహ్మాస్త్రం పాలసముద్రం. కస్టమ్స్, పరోక్ష పన్నులు, మాదకద్రవ్యాల అధికారులకు శిక్షణ ఇచ్చే జాతీయ అకాడమీ నాసిన్‌ను 2024 జనవరి 16న ప్రధానమంత్రి ప్రారంభించింది గోరంట్ల మండలంలోని ఆ ఊళ్ళోనే. "దొంగలు లేకుండానే ఐదొందల ఎకరాల్లో కస్టమ్స్ బడి కట్టినారా?" అని అడుగుతాడు మామ. మెడికల్ కాలేజీ ఉన్న ఊళ్ళో రోగాలు ఎక్కువ అన్నట్టుంది ఈ లెక్క. అకాడమీలో పాఠాలు చెబుతారు, ఆకాశానికి కాపలా కాయరు.

ఇంతమాత్రాన మామను చూసి నవ్వి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఆయన చూడడం మానకూడదు, చెప్పే చోటు మార్చుకోవాలి అన్నదే నా వాదన. 1995 డిసెంబరు 17 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని పురులియా పల్లెల మీద ఏఎన్-26 రకం విమానం ఒకటి పారాచూట్లతో పెట్టెలు జారవిడిచింది. తెల్లారేసరికి పొలాల్లో ఏకే-47 తుపాకులు, లక్షల కొద్దీ తూటాలు. విమానం రావచ్చని బ్రిటన్ నుంచి ఢిల్లీకి ముందే కబురందింది. ఆ కబురు ఢిల్లీ నుంచి రాష్ట్రానికి రిజిస్టర్డ్ పోస్టులో బయల్దేరి, పెట్టెలు పడ్డాక చేరిందని అప్పట్లో పెద్ద విమర్శ. కబురు ఉండి కూడా చేరవలసిన వేళకు చేరవలసిన చోటికి చేరలేదన్నమాట. మామ విషయంలోనూ జరిగేది ఇదే. తాను చూసినదాన్ని టీకొట్టుకు చెబుతాడు, కటింగ్ షాపుకు చెబుతాడు, వాట్సాప్ గ్రూపులో పెడతాడు. పోలీసు స్టేషన్ ఒక్కటే ఆయన దారిలో పడదు.

స్మగ్లింగంతా రోడ్డు మీద జరుగుతుంటే ఆకాశం గొడవ మనకెందుకని అడిగేవాళ్ళున్నారు. సగం నిజమే. మన్యం గంజాయి, శేషాచలం ఎర్రచందనం లారీల్లో, కార్లలో పోతాయి. చిన్న విమానానికి పైలట్ కావాలి, దిగడానికి చోటు కావాలి, ఎగరడానికి వైమానిక దళం అనుమతి నంబరు కావాలి. లారీకి పైన టమోటా బుట్టలు పేర్చుకుంటే చాలు. పాలసముద్రం పక్కనుంచే పోయే 44వ జాతీయ రహదారిని వదిలిపెట్టి మామ మేఘాలను గాలించడం చూస్తే నవ్వొచ్చేది ఇందుకే. అయినా ఆకాశాన్ని పూర్తిగా కొట్టేయలేం. పంజాబ్ సరిహద్దులో ఇప్పుడు హెరాయిన్ పొట్లాలను మోసుకొచ్చేవి చిన్న చిన్న డ్రోన్లు. వాటిని పట్టుకోవడంలో సరిహద్దు భద్రతా దళానికి పల్లె జనం ఇచ్చే కబుర్లు బాగా ఉపయోగపడుతున్నాయి. రాత్రి వినపడిన రొద, పొద్దున చేలో కనపడిన పొట్లం రైతుకు తెలిసినంతగా రాడార్‌కు తెలియవు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. జనాన్ని నిఘా పెట్టమంటే పక్కింటివాడి మీద పెడతారని. 2018 మేలో పార్థీ గ్యాంగు అనే దొంగల ముఠా వచ్చిందన్న వదంతితో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరికి కొత్తవాళ్ళను పట్టుకుని కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. కాబట్టి మామకు ఒక గీత గీయాలి. ఆయన మనుషుల ముఖాలను, వేషాలను, కులాలను చదవకూడదు. వస్తువును, వేళను, దిక్కును చూడాలి. మనదేశంలో నమోదైన పౌర విమానాల మీద వీటీ అనే అక్షరాలతో మొదలయ్యే గుర్తు ఉంటుంది. అది కనిపిస్తే రాసుకోవచ్చు. ఏ వేళకు ఎటునుంచి ఎటు పోయింది, కిందికి దిగిందా, ఏమైనా పడేసిందా, అంతే. పట్టుకోవడం, ప్రశ్నించడం ఆయన పని కాదు. పట్టుబడిన సరుకు విలువలో 20 శాతం దాకా కబురిచ్చినవాళ్ళకు కస్టమ్స్ బహుమతి ఇవ్వొచ్చన్న మాట మామ చెవిన ఎప్పుడో పడింది. ఆ సొమ్ముతో బోరు ఎక్కడ వేయాలో కూడా నిర్ణయమైపోయింది. పోనీ, ఆశ ఉంటే ఉండనీ. కబురిచ్చినవాళ్ళ పేరు బయటపెట్టరని, తన పేరు తానే టీకొట్టులో చాటుకుంటే ఆ రక్షణ ఉండదని మాత్రం ఎవరో ఒకరు ఆయనకు చెప్పాలి.

మీ ఊరి మామ ఫోనులో వెంటనే ఈ నంబర్లు ఎక్కించండి. మత్తుమందుల సంగతైతే కేంద్రం మానస్ హెల్ప్‌లైన్ 1933, ఆంధ్రప్రదేశ్‌లో మత్తుమందుల నిరోధక విభాగం ఈగల్ 1972. ప్రాణాపాయం కనిపిస్తే 112.